కౌన్సెలర్ సరే, అర్హత తేల్చేదెవరు?

నీట్ శిక్షణ కోసం పశ్చిమ బెంగాల్ నుంచి విశాఖపట్నం వచ్చిన ఓ విద్యార్థిని 2023 జులైలో హాస్టల్ భవనం పైనుంచి పడి చనిపోయింది. దర్యాప్తుపై నమ్మకం లేని తండ్రి సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం కేసును సీబీఐకి అప్పగించి, అంతటితో ఆగలేదు. దేశంలోని బడులు, కాలేజీలు, కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లకు 15 మార్గదర్శకాలు జారీ చేసింది. చట్టం వచ్చేదాకా వాటికి కట్టుబడాల్సిందే. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించుకోవాలన్నది వాటిలో ఒకటి. ఆ వ్యక్తికి పిల్లలు, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్నట్టు రుజువూ ఉండాలి.

ఆ రుజువును పరిశీలించి ముద్ర వేసేదెవరన్న ప్రశ్నకు మాత్రం నేటికీ స్పష్టమైన జవాబు లేదు. పిల్లల బాధ వినే ఉద్యోగానికి దేశంలో లైసెన్సు లేదు.

అవసరం ఎంతటిదో అంకెలే చెబుతున్నాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. నిమ్‌హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల వారిలో 7.3 శాతానికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కింద క్లినికల్ సైకాలజిస్టు పేరు నమోదు చేసుకోవాలి. నమోదు లేకుండా వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దృష్టి ప్రధానంగా చికిత్స మీద, ఆసుపత్రుల మీద ఉంది. 2021లో వచ్చిన అనుబంధ, ఆరోగ్య వృత్తుల చట్టం మిగతా సైకాలజిస్టులను, సోషల్ వర్కర్లను తన పరిధిలోకి తెచ్చింది. దాని జాబితాలో హెచ్ఐవీ కౌన్సెలర్ ఉన్నారు, మధుమేహంపై అవగాహన కల్పించేవారూ ఉన్నారు. బడి కౌన్సెలర్‌కు విడిగా చోటు దొరకలేదు. ఆ చట్టం కింద రాష్ట్ర మండళ్ల ఏర్పాటులోనూ జాప్యం జరిగితే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టే గడువు పెట్టాల్సి వచ్చింది. దూరవిద్యలో సైకాలజీ కోర్సులను యూజీసీ 2025లో నిలిపివేసింది. మంచిదే. కానీ అంతకుముందు పట్టా పొందినవారిలో బడిలో పనిచేయగలిగేదెవరో చెప్పే కొలమానం మాత్రం రాలేదు.

ఈ ఖాళీలో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. తనిఖీ అధికారులు వస్తారంటే ఓ గది తలుపుకు 'కౌన్సెలింగ్ రూమ్' బోర్డు తగిలిస్తారు. పీరియడ్లు తక్కువున్న టీచర్‌ను అందులో కూర్చోబెడతారు. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ పిల్ల ఒకతి ధైర్యం చేసి, నిద్ర పట్టడం లేదని, బతకాలనిపించడం లేదని ఆ గదిలో చెప్పుకొందనుకుందాం. సాయంత్రం స్టడీ అవర్‌కల్లా వార్డెన్‌కు తెలుస్తుంది. మర్నాడు తల్లిదండ్రులను పిలిపించి, మా వల్ల కాదు, ఇంటికి తీసుకెళ్లండంటూ టీసీ చేతిలో పెడతారు. ఆ తర్వాత ఆ హాస్టల్లో ఇంకొకరు నోరు విప్పుతారా?

లైసెన్సు అవసరం ఇక్కడే ఉంది. అర్హత లేనివారిని ఆపడం దాని సగం పనే. మిగతా సగం, ఉన్నవారికి దన్నుగా నిలవడం. 'పిల్ల ఏం చెప్పింది?' అని ప్రిన్సిపల్ అడిగితే, ప్రాణాపాయమో, పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాల్సిన నేరమో అయితే తప్ప బయటపెట్టలేనని కౌన్సెలర్ అనగలగాలి. యాజమాన్యం దయ మీద జీతం తీసుకునే మనిషి ఆ మాట అనాలంటే, తప్పు చేస్తే లైసెన్సు పోతుందన్న భయం, ఒప్పు చేస్తే మండలి అండ ఉంటుందన్న భరోసా రెండూ ఉండాలి.

అర్హులు చాలినంత మంది లేనప్పుడు ఈ షరతులెందుకన్న అభ్యంతరం ఉంది. కొరత నిజమే. అయితే కొరత పేరుతో గేట్లెత్తేస్తే ఏమవుతుందో అమెరికాలో చూశాం. అక్కడ స్కూల్ సైకాలజిస్టులకు రాష్ట్రాలే ధ్రువపత్రాలిస్తాయి. 500 మంది పిల్లలకు ఒకరుండాలన్నది వారి జాతీయ సంఘం సిఫార్సు. అలాంటి చోట కూడా టెక్సాస్ 2023లో చట్టం చేసి, విద్యాశాఖ ధ్రువపత్రం లేని మతబోధకులను విద్యార్థులకు అండగా బడుల్లో పెట్టుకోవడానికి అనుమతించింది.

కొరతకు మందు అంచెల వ్యవస్థ. క్లినికల్ సైకాలజిస్టును ప్రతి బడికీ పంపలేం, అక్కర్లేదు కూడా. సైకాలజీలోనో సోషల్ వర్క్‌లోనో పీజీ చేసి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఏడాది పాటు బడిలో పనిచేసినవారికి బడి కౌన్సెలర్ లైసెన్సు ఇవ్వొచ్చు. మైసూరు సహా ఎన్‌సీఈఆర్‌టీ ప్రాంతీయ సంస్థల్లో నడిచిన గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా అనుభవం ఇందుకు పనికొస్తుంది. జిల్లాకు కొందరు క్లినికల్ సైకాలజిస్టులు వీరికి మార్గదర్శకులుగా ఉండాలి. టీచర్లు తొలి ఆసరాగా ఉంటే చాలు, చికిత్సకులు కానక్కర్లేదు. వందకు లోపు పిల్లలున్న బడులు బయటి నిపుణులతో అనుసంధానమైతే చాలని కోర్టు చెప్పింది. మన పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు ఎన్నో ఈ కోవలోకే వస్తాయి. స్కూల్ కాంప్లెక్సుకొక కౌన్సెలర్‌ను ఇవ్వకపోతే ఆ అనుసంధానం కాగితం మీదే ఉండిపోతుంది. తెలుగులో మాట్లాడే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు ప్రతి తరగతి గోడ మీదా కనిపించాలి. అయితే ఫోన్ నంబరు మనిషికి బదులు కాదు.

ఈ తీర్పుకు కారణమైన ఘటన మన గడ్డ మీదే జరిగింది. కార్పొరేట్ ఇంటర్ చదువులకు పుట్టిల్లూ మన రాష్ట్రాలే. కాబట్టి బడి కౌన్సెలర్ అర్హతలు, ప్రవర్తనా నియమావళి, ఫిర్యాదుల విధానంతో రిజిస్టరు తెరిచే పనికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలే ముందుగా పూనుకోవాలి. తల్లిదండ్రులూ ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ర్యాంకుల గురించి అడిగే ముందు కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, ఎవరికి జవాబుదారీ అని అడగాలి.