గుర్రాల కాళ్లకున్న లెక్క మన మోకాళ్లకేదీ?

శుక్రవారం రాత్రి పది దాటాక కొండాపూర్ నుంచి నల్లగండ్ల వైపు వెళ్తే, చుట్టూ వలలు కట్టి ఫ్లడ్‌లైట్లు వేసిన టర్ఫ్‌లు వరసగా కనిపిస్తాయి. లోపల బాక్స్ క్రికెట్టో, ఐదుగురేసి ఆడే ఫుట్‌బాలో నడుస్తుంటుంది. ఐటీ ఉద్యోగులకు ఖాళీ దొరికేది ఆ వేళకే కాబట్టి అర్ధరాత్రి స్లాట్లకూ గిరాకీ ఉంది. పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయే మనుషులు గంటసేపు ఒళ్లు వంచి పరిగెత్తుతున్నారంటే నాకు సంతోషమే. నా గొడవల్లా వాళ్ల కాళ్ల కింద పరిచినదాని గురించి.

ఇలాంటి గొడవే అమెరికాలో గుర్రాల విషయంలో ఏళ్ల తరబడి నడిచింది. అక్కడ పెద్ద పందేలు చాలావరకు మట్టి ట్రాక్ మీదే జరుగుతాయి. ఇసుక, ఒండ్రు, బంకమన్ను కలిపి పరిచి, రేసుకీ రేసుకీ మధ్య ట్రాక్టరుతో దంతె తోలి, నీళ్లు చల్లి దాన్ని సిద్ధం చేస్తారు. కాళ్లు విరిగి గుర్రాలు చనిపోతున్నాయన్న ఆందోళన పెరగడంతో, పెద్ద రేసుకోర్సులన్నీ 2007 చివరికల్లా సింథటిక్ ట్రాక్ వేసుకోవాలని కాలిఫోర్నియా రేసింగ్ బోర్డు 2006లో ఆదేశించింది. ఇసుకలో రబ్బరు ముక్కలు, సింథటిక్ పోగులు కలిపి మైనం పట్టించిన నేల అది. శాంటా అనీటా, డెల్ మార్ వేసుకున్నాయి. ఆ ఆదేశంతో సంబంధం లేని కెంటకీలోని కీన్‌లాండ్ కూడా 2006లోనే వేసుకుంది.

తీరా వేశాక కొత్త తలనొప్పులు మొదలయ్యాయి. 2008 జనవరిలో కురిసిన వానలకు శాంటా అనీటా ట్రాక్‌లో నీరు ఇంకక రేసులు రద్దయ్యాయి. ఎండెక్కేకొద్దీ మైనం మెత్తబడి, పొద్దున సాధన చేసిన నేల మధ్యాహ్నం రేసు వేళకి మరోలా తయారవుతోందని ట్రైనర్లు మొత్తుకున్నారు. చివరికి 2010లో శాంటా అనీటా, 2014లో కీన్‌లాండ్, 2015లో డెల్ మార్ మళ్లీ మట్టికే వచ్చాయి. 2010లో సింథటిక్‌తో మొదలైన దుబాయ్‌లోని మెయ్‌దాన్ కూడా 2015 వరల్డ్ కప్ నాటికి మట్టి పరిచింది.

మరి మట్టి మీద గుర్రాలు క్షేమంగా ఉన్నాయా అంటే, లేవు. జాకీ క్లబ్ నడిపే గాయాల డేటాబేస్ 2009 నుంచి పందేల్లో జరిగే చావులను నేల రకంతో సహా నమోదు చేస్తోంది. మొత్తం మీద చూస్తే సింథటిక్ ట్రాక్ మీద చావులు మట్టి మీదకన్నా తక్కువ. అయినా మట్టికే ఎందుకు మళ్లారు? కెంటకీ డెర్బీ జరిగేది మట్టి మీద. పెంపకందార్లకీ, యజమానులకీ, పందెం కాసేవాళ్లకీ అలవాటైంది ఆ నేలే. డబ్బున్నవాళ్ల అలవాటు ముందు గుర్రం ఎముక ఓడిపోయింది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

అలాగని ఆ లెక్క వృథా పోలేదు. 2018 డిసెంబర్ 26 నుంచి 2019 మార్చి ఆఖరులోగా ఒక్క శాంటా అనీటాలోనే పందేల్లో, సాధనలో కలిపి 23 గుర్రాలు చనిపోయాయి. మధ్యలో కొన్ని వారాలు రేసులు ఆపేసి నేలను తవ్వి చూశారు. మందుల మీదా, కొరడా వాడకం మీదా ఆంక్షలు పెట్టారు, వెటర్నరీ పరీక్షలు బిగించారు. గుర్రం డెక్క నేలను తాకే తీరును అనుకరించే యంత్రంతో ట్రాక్‌ని పరీక్షించే పద్ధతి అక్కడుంది. పైపొర మందం, తేమ కూడా కొలుస్తారు. జాకీ క్లబ్ డేటాబేస్ మొత్తం లెక్కలో 2009లో పందెంలో దిగిన ప్రతి వెయ్యి సార్లకు 2 గుర్రాలు చనిపోతే, 2023 నాటికి అది 1.32కి తగ్గింది. ఎక్కడ, ఏ నేల మీద అని రాసి పెట్టుకోకపోతే ఏది పనిచేసిందో తెలిసేదే కాదు.

మన మలక్‌పేట రేసుకోర్సులో ఈ వివాదం రాలేదు. ఆరో నిజాం కాలం నుంచీ ఉన్న ఆ మైదానంలో పందేలు జరిగేది గడ్డి మీద. పొద్దుటి సాధన ఎక్కువగా ఇసుక ట్రాక్ మీద. పేపర్లో రేసు పేజీ చూసేవాళ్లకి తెలిసిందే: పైన 'ఇసుక' అని ఉంటుంది, కింద ఏ గుర్రం 800 మీటర్లు, 600 మీటర్లు ఎంతలో పూర్తిచేసిందో ఉంటుంది. పందెం వ్యసనం మీద నాకు రవ్వంత గౌరవం లేదు. కానీ నేల పేరు చెప్పకుండా టైము రాయకపోవడమనే ఆ అలవాటు చూస్తే ముచ్చటేస్తుంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక కుర్రాడు ఈ మధ్య మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ చేయించుకున్నాడు. అతనికి ఎవరూ తగల్లేదు. బంతి కోసం ఆగి తిరగబోతే పాదం నేలకి పట్టేసింది, ఒళ్లు మాత్రం తిరిగింది. తర్వాత నేను అతను ఆడిన టర్ఫ్‌కి వెళ్లి చూశాను. గోల్‌పోస్టు ముందు ప్లాస్టిక్ పోగులన్నీ అణిగి చాపలా పడుకుని ఉన్నాయి. పోగుల మధ్య ఉండాల్సిన ఇసుక, నల్ల రబ్బరు రవ్వ అక్కడ దాదాపు లేదు, అంతా గోడవారకు కొట్టుకుపోయి ఉంది. రెండు పట్టీలు అతికించిన చోట జిగురు ఊడి, బూటు మొన దూరేంత సందు ఏర్పడింది. అతని గాయానికి ఇదే కారణమని తేల్చలేను. కానీ ఆ రాత్రి ఆ నేల ఎలా ఉందో ఏ కేస్ షీటులోనూ లేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘం 2012 నుంచి 2018 దాకా రికార్డులు పట్టుకుని, ఎవరూ తగలకుండానే కాళ్లకయ్యే గాయాలు కృత్రిమ టర్ఫ్ మీద 28 శాతం ఎక్కువని వాదించింది. లీగ్ తర్వాతి అంకెలు చూపి ఎదురు వాదించింది. మంచిదే, వాదించుకోవడానికి వాళ్ల దగ్గర అంకెలున్నాయి. డేటాతోనే పొట్టపోసుకునే సైబరాబాద్‌లో మాత్రం టర్ఫ్‌ల గురించి మనకి తెలిసిందల్లా గంట రేటే.

సింథటిక్ అంటే నాకు పగ లేదు. 2002 జాతీయ క్రీడలు జరిగిన గచ్చిబౌలి స్టేడియంలో పరుగుకి సింథటిక్ ట్రాక్ ఉంది, దాని మధ్య ఫుట్‌బాల్‌కి అసలు గడ్డి ఉంది. ఏ ఆటకి తగ్గ నేల దానికి వేశారు. మట్టి గ్రౌండ్ స్వర్గమనీ అనను. మన మొరం నేల ఏప్రిల్‌కి బండలా గట్టిపడుతుంది, గాజుపెంకులు సరేసరి. అయినా ఎండల విషయంలో మట్టి, గడ్డి కొంత నయం. గడ్డి నీటిని ఆవిరి చేసి చల్లబడుతుంది. ప్లాస్టిక్‌కి ఆ దారి లేదు కాబట్టి ఎండకి గడ్డికన్నా ఎన్నో డిగ్రీలు ఎక్కువ కాగుతుంది. పాదరసం నలభై దాటే మే నెలలో అలాంటి టర్ఫ్‌ల మీద పొద్దెక్కాక పిల్లలకి సమ్మర్ క్యాంపులు పెట్టడం దారుణం. రబ్బరు రవ్వదీ ఇంకో కథ: మైక్రోప్లాస్టిక్ కాబట్టి దాని అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్ 2031 అక్టోబర్ నుంచి నిషేధించబోతోంది. మన దగ్గర వానాకాలంలో అది నాలాల్లోకి పోతోంది.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. గచ్చిబౌలి, మాదాపూర్‌లలోని ఎముకల డాక్టర్లూ ఫిజియోలూ కేస్ షీటులో ఒక్క గడి చేర్చాలి: ఏ నేల మీద, ఏ బూట్లతో. కార్పొరేట్ టోర్నీలు పెట్టే కంపెనీలు తమ గ్రూప్ ఇన్సూరెన్స్ క్లెయిముల్లో మోకాళ్లూ చీలమండలూ ఎన్ని ఉన్నాయో పేర్లు తీసేసి బయటపెట్టాలి. పాదం ఎంత తేలిగ్గా తిరుగుతుందో, నేల ఎంత దెబ్బని పీల్చుకుంటుందో కొలిచే పరీక్షలు ఫిఫా ప్రమాణాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్‌కి వచ్చే టర్ఫ్ యజమాని నుంచి మున్సిపల్ అధికారులు అలాంటి కాగితం ఒకటి అడగాలి.

అందాకా స్లాట్ బుక్ చేసేవాళ్లు మేనేజర్‌ని రెండు ప్రశ్నలు అడగండి. ఈ టర్ఫ్ పరిచి ఎన్నేళ్లయింది? ఇసుక, రబ్బరు చివరిసారి ఎప్పుడు నింపారు? జవాబు రాకపోతే అడ్వాన్స్ కట్టకండి.