మా పేరు చెప్పి మీ పెత్తనం

ఆ మధ్య ఒక సదస్సులో వలసకాలపు తెలుగు స్త్రీల పత్రికల మీద పత్రం చదివాను. చదవడం అయిపోయాక ఒక సీనియర్ ప్రొఫెసర్ గారు లేచి, నవ్వుతూ, "అమ్మా, మీరు తెల్లవాళ్ళని ఎంత తిట్టినా మన ఆడవాళ్ళ గురించీ, దళితుల గురించీ ఆలోచించింది వాళ్ళే కదా. చర్చిల్ అంతటివాడు స్వపరిపాలన వద్దన్నది కూడా ఆ భయంతోనే" అన్నారు. హాల్లో కొందరు తలలూపారు. టీ విరామంలో ఇంకో పెద్దాయన నా పక్కకొచ్చి, "ఆ మేయో లాంటివాళ్ళ రాతల ఊసెత్తకపోవడమే మంచిదమ్మా. మన ఇంటిగుట్టు మనమే బయట పెట్టుకోవడం దేనికి?" అని హితవు చెప్పారు.

గంట తేడాలో ఇద్దరు మగవాళ్ళు నాకు రెండు పాఠాలు చెప్పారు. ఒకరు కృతజ్ఞతగా ఉండమన్నారు, ఒకరు నోరు మూసుకోమన్నారు. అక్కడ జవాబు చెప్పడానికి నాకు దొరికింది రెండు నిమిషాలు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదట చర్చిల్ సంగతి. భారతదేశానికి కాస్త అధికారం ఇద్దామన్న మాట వచ్చిన ప్రతిసారీ బ్రిటన్‌లో దాన్ని అడ్డుకునే ఒక వర్గం పుట్టుకొచ్చింది. 1917 ఆగస్టులో మాంటేగు బాధ్యతాయుత ప్రభుత్వం గురించి ప్రకటన చేస్తే, ఆ ఏడాదే బొంబాయి మాజీ గవర్నర్ లార్డ్ సిడెన్‌హామ్ ముందు నిలబడి ఇండో-బ్రిటిష్ అసోసియేషన్ పెట్టాడు. 1931 జనవరిలో చర్చిల్ ఇండియా విషయంలో తేడా వచ్చి తన పార్టీ నాయకత్వ బృందం నుంచి తప్పుకున్నాడు. ఫిబ్రవరిలో గాంధీని అర్ధనగ్న ఫకీరని ఎద్దేవా చేశాడు. 1933లో ఇండియా డిఫెన్స్ లీగ్ వచ్చింది. వీళ్ళలో మాజీ గవర్నర్లున్నారు, రిటైరైన అధికారులున్నారు, ఇండియాలో తమ బట్టల మార్కెట్ ఏమైపోతుందోనని బెంగపడిన లాంకషైర్ వాళ్ళ గోడూ వీళ్ళకి కలిసొచ్చింది. 1935 జూన్‌లో కామన్స్ సభ బిల్లుని 386 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా 122 పడ్డాయి. ఆ 122లో 'ఇది చాలదు' అన్న లేబర్ సభ్యులూ ఉన్నారు, 'ఇది ఎక్కువ' అన్న చర్చిల్ బృందమూ ఉంది.

ఇంత చేసిన వీళ్ళు బట్టల మార్కెట్ కోసం, ఉద్యోగాల కోసం అని పైకి అనరు. మూగజనం కోసం, అంటరానివాళ్ళ కోసం, బాలవధువుల కోసం అంటారు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. మా కన్నీళ్ళని తీసుకెళ్ళి వాళ్ళ వాదానికి సాక్ష్యంగా పెట్టుకున్నారు. మమ్మల్ని మాత్రం సాక్షులుగా పిలవడానికి మనసొప్పలేదు.

లార్డ్ కర్జన్‌ని చూడండి. 1899 నుంచి 1905 దాకా వైస్రాయి. ఇంటికి వెళ్ళాక 1912లో అక్కడి స్త్రీల ఓటు హక్కుని వ్యతిరేకించే జాతీయ లీగ్‌కి అధ్యక్షుడయ్యాడు. అతనికి ముందు ఆ కుర్చీలో కూర్చున్నది ఈజిప్టుని ఏలిన క్రోమర్. ముస్లిం స్త్రీల పరదా గురించి అంత బాధపడిన క్రోమరే లండన్‌లో తన పక్కింటి ఆడమనిషికి ఓటు వద్దన్నాడు. స్త్రీలకి ఓటెందుకు ఇవ్వకూడదో చెప్పడానికి కర్జన్ పదిహేను కారణాలు రాశాడు. అందులో ఒకటి మన గురించే. ఆడవాళ్ళు ఓటేస్తే ఇండియాలో అపార్థం చేసుకుంటారట, సామ్రాజ్యం బలహీనపడుతుందట! అంటే ఇక్కడి స్త్రీల దుస్థితిని చూపించి ఇండియాకి అధికారం ఆపొచ్చు, ఇండియాని చూపించి అక్కడి స్త్రీలకి ఓటు ఆపొచ్చు. రెండు తలుపులకీ ఒకే తాళం. తాళంచెవి ఎవరి మొలకి వేలాడుతోందో వేరే చెప్పాలా?

ఇందులో మగవాళ్ళే ఉన్నారని అనను. 1923లో స్కాట్లండ్ నుంచి ఎన్నికైన మొదటి మహిళా ఎంపీ ఆథోల్ డచెస్ అంతకు ముందు స్త్రీల ఓటు హక్కుని వ్యతిరేకించిన మనిషి. 1929లో కెన్యా ఆడపిల్లలకి చేసే జననాంగ ఖండన గురించి పార్లమెంటులో గట్టిగా మాట్లాడింది. 1935లో ఇండియా బిల్లు ముఖ్య కారణాల్లో ఒకటిగా పార్టీ విప్‌ని వదులుకుంది. ఆమె జాలి నిజమైనదే కావచ్చు. కానీ పైనుంచి కురిసే జాలికీ, పక్కన నిలబడే స్నేహానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆమె జీవితమంతా చూపిస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీల బృందం మద్రాసులో మాంటేగుని కలిసి ఓటు అడిగింది. సౌత్‌బరో కమిటీ సాంఘిక పరిస్థితులు అనుకూలంగా లేవని కాదంది. 1919 చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనసభలకి వదిలేసింది. ఏమైంది? పరిమితంగానే అయినా ఇక్కడి వాళ్ళు కూర్చున్న మద్రాసు శాసనసభ 1921లోనే స్త్రీలకి ఓటు ఇచ్చింది. ఆస్తి అర్హత ఉన్న కొద్దిమందికే, నిజమే. అయినా లండన్ 'ఇంకా వేళ కాలేద'న్న పని మద్రాసులో రెండేళ్ళలో జరిగింది.

అదే మద్రాసు సభలో 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఉపాధ్యక్షురాలయ్యారు. దేవదాసీలుగా ఆడపిల్లల్ని గుడికి అంకితమివ్వడాన్ని ఆపాలని అక్కడే పోరాడారు. ఆ చట్టం పూర్తిగా రావడానికి 1947 దాకా పట్టింది. అది దేవదాసీల జీవనాధారాన్ని ఏం చేసింది, వాళ్ళ అభ్యంతరాలని ఎవరు విన్నారు అన్నది మనం మనలో మనం గట్టిగా మాట్లాడుకోవలసిన విషయం. కానీ ఆ చర్చ జరగడానికైనా ఆమెకి ఆ సభలో కుర్చీ కావాలి. చర్చిల్ వర్గం ఇవ్వనన్నది ఆ కుర్చీనే. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసు 14 చేసింది. దాన్ని తెచ్చింది శాసనసభలోని భారతీయ సభ్యుడు, వెంటపడింది ఇక్కడి స్త్రీల సంఘాలు. బాలవధువుల కోసం ఏడ్చిన ప్రభుత్వం ఆ చట్టాన్ని అమలు చేయడానికి మాత్రం వెనకాడింది.

దళితుల మాటకొస్తే, 1930లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశంలో అంబేద్కర్ తెల్లవాళ్ళ ముఖాన్నే చెప్పారు, మీ పాలనలో మా అంటరానితనం పోలేదని. ఆయన అడిగింది సంరక్షకుల్ని కాదు, అధికారంలో వాటాని. అడుగునున్న వాళ్ళ పేరు చెప్పి ఎవరైనా సంస్కరణని ఆపుతుంటే, ఆ అడుగునున్న వాళ్ళు ఏమడిగారో ముందు చూడాలని నేను నేర్చుకున్నది ఇక్కడే.

ఇక ఇంటిగుట్టు దాచమన్న రెండో పెద్దాయన. కేథరిన్ మేయో అమెరికా మనిషి. 1927లో వచ్చిన ఆమె 'మదర్ ఇండియా' బాల్యవివాహాలనీ, ప్రసవాల్లో ఆడవాళ్ళు పడే హింసనీ చూపించి, ఈ జాతి స్వపరిపాలనకి తగదని తేల్చింది. అదే ఏడాది నవంబరులో ఒక్క భారతీయుడు కూడా లేని సైమన్ కమిషన్‌ని వేశారు. ఆ పుస్తకం మీద మనవాళ్ళకి కోపం రావడం న్యాయం. కానీ చాలామంది మగవాళ్ళ కోపం మేయో తీర్పు మీద కాదు, ఆ విషయాలు బయట పడ్డందుకు. ఆమె చెప్పేదాకా మనకి తెలియదా? 1881లోనే రాజమండ్రిలో వీరేశలింగం వితంతు వివాహం చేయించారు. బండారు అచ్చమాంబ 1902లో మచిలీపట్నంలో స్త్రీ సమాజం పెట్టారు. మన దుఃఖం గురించి మనం మాట్లాడుకుంటే అది ఇంటిగుట్టు కాదు, మన రాజకీయం.

1929 అక్టోబరులో లండన్‌లో ఎలియనార్ రాత్‌బోన్ భారత స్త్రీల గురించి ఒక సమావేశం పెట్టింది. ఆమె చర్చిల్ వర్గం కాదు, మన స్త్రీల ఓటు కోసం పాటుపడింది కూడా. అయినా ఆ సభలోంచి ధన్వంతి రామారావు లేచి, మా సమస్యల మీద మాకోసం మీరు సభ పెట్టడమేమిటని నిలదీశారు. సమస్య లేదని ఆమె అనలేదు. మాట్లాడే హక్కు ఎవరిదని అడిగారు. 1933లో అమృత్‌కౌర్, ముత్తులక్ష్మీ రెడ్డి, షరీఫా హమీద్ అలీ లండన్ వెళ్ళి పార్లమెంటు జాయింట్ కమిటీ ముందు సాక్ష్యమిచ్చారు. వయోజన ఓటు హక్కే స్త్రీల సంఘాల కోరిక. 1935 చట్టం సుమారు 60 లక్షలమంది స్త్రీలకే ఓటిచ్చి, చాలామందిని భర్త ఆస్తితో ముడిపెట్టింది.

మా అమ్మమ్మ మొదటిసారి 1952లో ఓటేసింది. ఆస్తి లేదు, చదువు లేదు, భర్త అర్హత పత్రం అక్కర్లేదు. కర్జన్ కాలం దాటి ఆమె బూత్ దాకా నడిచింది.

నడక అక్కడే ఆగింది కూడా. చట్టసభల్లో స్త్రీల రిజర్వేషన్ బిల్లు మొదట 1996లో వచ్చింది. 2010లో రాజ్యసభ ఆమోదించింది, లోక్‌సభలో మూలపడింది. 2023 సెప్టెంబరులో చట్టమైంది, అప్పుడూ అమలుని జనగణనకీ, నియోజకవర్గాల పునర్విభజనకీ ముడిపెట్టారు. ఈ మధ్యలో ఎన్నిసార్లు విన్నాం, 'ఇంకా వేళ కాలేదు' అని! వెనుకబడిన కులాల స్త్రీలకి అందులో వాటా కావాలన్న డిమాండ్ న్యాయమైనది, నేను దానితోనే ఉన్నాను. కానీ ఆ వాటా ఇచ్చే ఉద్దేశం ఏనాడూ లేని నాయకులు ఆ స్త్రీల పేరు చెప్పి మొత్తం బిల్లునే ఆపుతుంటే, నాకు సిడెన్‌హామ్ గొంతే వినపడుతుంది.

కాబట్టి ప్రొఫెసర్ గారూ, చర్చిల్‌కి నేను బాకీ లేను. హితవు చెప్పిన పెద్దాయనా, మా గుట్టు మీరు దాచనక్కర్లేదు. మా గురించి ఎవరో మంచిగా ఆలోచించారా, చెడుగా ఆలోచించారా అన్నది మాకు ముఖ్యం కాదు. ఆ ఆలోచన జరిగే గదిలో మేమున్నామా లేదా, అది చెప్పండి. ఆ రోజు మన సదస్సు వేదిక మీద ఆరుగురు కూర్చున్నారు. అందులో ఆడవాళ్ళెంతమందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.