తప్పు చెబితే ‘యాంటీ’ అయిపోతామా?

పోయిన దసరాకు ప్రొద్దుటూరు వెళ్లాను. రాత్రి పదకొండు దాటింది. అమ్మవారిశాల వైపు వెళ్లే జనం, చూసి వచ్చే జనం ఒకరినొకరు ఒరుసుకుంటూ నడుస్తున్నారు. ఒక వీధి మలుపులో ఆర్కెస్ట్రా వాళ్లు ఈమధ్య వచ్చిన సినిమా పాట ఎత్తుకున్నారు. పల్లవి హాయిగా సాగింది. చరణం వచ్చేసరికి డ్రమ్ముల మోతలో మాట మునిగిపోయింది. ఆ తప్పు వేదిక మీది గాయకుడిది కాదు, అసలు పాటలోనూ ఆ చోట సాహిత్యం వినపడదు. పక్కనున్న మిత్రుడితో సంగీత దర్శకుడి గురించి ఆ మాటే అన్నాను: “పల్లవికి పెట్టిన శ్రద్ధ చరణానికి పెట్టలేదబ్బా ఈయన.”

ముందు నిలబడ్డ కుర్రాడు గిరుక్కున తిరిగాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. “ఏంనా, నువ్వు ఆయప్పకు యాంటీనా?” అన్నాడు. కాదప్పా, ఆయన పాటలు నా ఫోన్ నిండా ఉన్నాయని చెప్పాను. నమ్మలేదు. “మరి నువ్వెవురి ఫ్యాన్?” అని రెండో ప్రశ్న వేశాడు. జవాబు వెతుక్కునే లోపే మూడోది వచ్చింది: “యా ఊరు మీది? ఎవురోళ్లు?”

మూడు ప్రశ్నలు అడిగాడు. వాటిలో చరణం గురించి ఒక్కటీ లేదు.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. పాట అయ్యాక జనంలో నాకు దారి ఇప్పించింది కూడా అతనే. కానీ ఆ మూడు ప్రశ్నలూ అదే వరసలో రావడం నన్ను ఊరు చేరేదాకా వదల్లేదు. పాట బాగోలేదంటే ముందు ద్వేషం ఉందేమోనని అనుమానం. ద్వేషం లేదంటే ఇంకో జట్టులో ఉన్నాడేమోనని అనుమానం. జట్టు తేలకపోతే కులం. సంగీతం గురించి మొదలైన మాట మూడే మెట్లలో పుట్టుక దాకా దిగిపోయింది. పాట మీద అభిప్రాయం పాట విన్నందువల్ల కూడా పుడుతుందన్న ఆలోచనకు ఆ వరసలో ఎక్కడా చోటు లేదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల గాలి తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఇక్కడ మనిషిని ‘మనోడు’ అనో, ‘కాదు’ అనో తేల్చుకున్నాకే మాట ముందుకు పోతుంది. రాజకీయాల నుంచి సినిమా హాలు ముందు ఫ్లెక్సీకి, అక్కణ్నుంచి పాటకు ఆ అలవాటు పాకింది. అయితే ఇదే నేల ఇంకో సంప్రదాయాన్నీ పెంచింది. దాన్ని మరిచిపోతున్నామన్నదే నా బాధ.

పులివెందుల నియోజకవర్గంలోనే, సింహాద్రిపురం మండలంలో పైడిపాలెం ఉంది. విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి 1922లో పుట్టిన ఊరు. రా.రా. అంటేనే సాహిత్యలోకం గుర్తుపడుతుంది. 1968లో ఆయన కడప నుంచి ‘సంవేదన’ పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రిక నడిచింది కొద్దికాలమే అయినా, పెద్దపెద్దవాళ్లు కూడా తమ పుస్తకం అందులో ఏమవుతుందోనని ఎదురుచూసేలా చేశారు. ఆయన అభ్యుదయవాది. అయినా అభ్యుదయం పేరు చెప్పుకున్నవాళ్లను అందుకోసం వదిలిపెట్టలేదు. దిగంబర కవుల ఆవేశానికి యువత ఊగిపోతున్న రోజుల్లో, ఆ కవిత్వంలో ఆలోచన పాలెంత, కేక పాలెంత అని కూర్చుని లెక్కతీశారు. మహీధర రామమోహనరావు ‘కొల్లాయిగట్టితేనేమి?’ నవలను మనసారా మెచ్చుకున్న కలమూ అదే. శ్రీశ్రీ ఆయన్ని క్రూరుడైన విమర్శకుడన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కడపలో ఆ మాటను తిట్టుగా ఎవరూ చెప్పుకోరు, బిరుదుగా చెప్పుకుంటారు. 1988లో ఆయన పోయిన తర్వాత కూడా ఆయన పుస్తకం ‘సారస్వత వివేచన’ను ముందేసుకుని, ఇక్కడ రా.రా. పొరపడ్డారు అని వాదించేవాళ్లు జిల్లాలో ఉన్నారు. రా.రా. అభిమాని అంటే అలాగే ఉండాలి మరి.

ప్రొద్దుటూరు సంగతికొస్తే అది అవధానాల ఊరు. గడియారం వేంకటశేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని జంటకవులుగా అవధానాలు చేసిన చోటు. తర్వాతి తరంలో సి.వి.సుబ్బన్న శతావధాని ఆ పేరు నిలబెట్టారు. అవధానంలో నిషిద్ధాక్షరి ఎలా నడుస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. అవధాని ఒక అక్షరం చెబుతాడు. తర్వాత ఏ అక్షరం రాబోతోందో పృచ్ఛకుడు ఊహించి, అది వద్దంటాడు. అవధాని దారి మార్చుకుంటాడు. పృచ్ఛకుడు ఆ దారికీ అడ్డం పడతాడు. పద్యం నడవాల్సిన ప్రతి అడుగులోనూ ఒక మనిషి కాలు అడ్డం పెడుతుంటాడు. సభ చివర అవధానికి కప్పే శాలువా అతనికీ కప్పుతారు. అతను మెతకగా అడిగితే అవధానికే అవమానం. అడ్డుపడేవాణ్ని పక్కనే కూర్చోబెట్టుకుని మర్యాద చేసిన సభలు చూసిన ఊళ్లో, చరణం బాగోలేదన్న మాటకు ఇంటిపేరు చెప్పుకోవాల్సి రావడం ఎంత దిగజారుడు!

సంగీతానికే వస్తాను. సురభి నాటకాలు పుట్టిన సురభి గ్రామం కూడా మా కడప జిల్లాలోదే, చక్రాయపేట మండలంలో ఉంది. 1885లో ‘కీచక వధ’తో మొదలైన ఆ సమాజం తెలుగు దేశమంతా తిరిగింది. అప్పటి నుంచీ ఈ పల్లెల్లో హార్మోనియం మోగని జాతర లేదు. పద్యం రాగంతో విరిస్తే ‘వన్స్ మోర్’ అని జనం లేచేవారు. ఆ ఊపులో నటులు రాగాన్ని ఇంకా ఇంకా సాగదీశారు. చితి ముందు నిలబడ్డ హరిశ్చంద్రుడు కొడుకు శవాన్ని మరిచి సంగతులు వేస్తున్నాడని పెద్దలు విసుక్కున్నారు. జమ్మలమడుగుకు పొరుగునే ఉన్న తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ ఆ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించారు. పాత్ర ఏడవాల్సిన చోట నటుడు కచేరీ చేయకూడదన్నది ఆయన పట్టుదల. పద్యం మీద అక్కసుతో అన్న మాట కాదది, నాటకం మీద ప్రేమతో అన్నది.

ఆ విమర్శ గాలికి పోలేదని నేను నమ్ముతాను. ఘంటసాల సినిమా పద్యం విని చూడండి. ఆలాపన ఎంత కావాలో అంతే ఉంటుంది. అర్థం ఎక్కడ ఆగుతుందో ఊపిరీ అక్కడే ఆగుతుంది. సమాసం చీలదు. రంగస్థలం మీద పద్యానికి ఉన్న జబ్బేదో తెలిసినవాడు పాడినట్టుంటుంది. రాగం సాగదీయడం తప్పు అన్నవాళ్లందరినీ పద్యద్వేషులని తరిమేసి ఉంటే, మనకు ఆ పద్యం వచ్చేదా?

ఈ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. జమ్మలమడుగులో చదువుకునే రోజుల్లో పాటల జాబితా కాగితం మీద రాసుకుని క్యాసెట్ల అంగడికి వెళ్లేవాణ్ని. ఖాళీ క్యాసెట్ ఇస్తే మూడు రోజులకు ఎక్కించి ఇచ్చేవాళ్లు. నా జాబితాలో గాయకుడు బాలు తప్ప ఇంకొకరు ఉండేవారు కాదు. ఒకరోజు మా చిన్నాయన బాలు పాడిన ఒక పద్యం విని, “గొంతు బంగారమేరా, పద్యం మాత్రం ఇంకా పండలేదు, ఆ రెండో పాదంలో ఊపిరి తప్పుచోట తీసినాడు చూడు,” అన్నాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. బాలును అంటే నన్ను అన్నట్టే అనిపించింది. ఆ వయసులో పాట బయటి వస్తువు కాదు. పరీక్ష తప్పిన రాత్రీ, తిరిగి చూడని అమ్మాయీ, ఊరు విడిచిన బస్సూ అన్నీ ఆ గొంతులోనే ఉంటాయి. గొంతులో లోపముందంటే ఆ రాత్రులు అబద్ధమన్నట్టు ఉంటుంది. అభిమాని కోపానికి మూలం ఇదే. దాన్ని తక్కువ చేసి చూడలేను. ఎన్నో ఏళ్ల తర్వాత అదే పద్యం విన్నాను. ఊపిరి నిజంగానే తప్పుచోట ఉంది. చిన్నాయన అప్పటికి లేడు. వారం రోజులు మాట్లాడకుండా నేను పోగొట్టుకున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ పాటను నాకంటే జాగ్రత్తగా విన్న మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

బాలు మాత్రం ఈ విషయం తన అభిమానుల కంటే బాగా ఎరిగినవారు. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో ఆయన చేసిన పనే అది. పన్నెండేళ్ల పాప కళ్లు మెరుస్తూ పాట ముగిస్తుంది. ఆయన ముందు నవ్వుతారు. తర్వాత, ‘ష’ పలకాల్సిన చోట ‘స’ పలికావమ్మా అంటారు. తాళం ఎక్కడ అరవీసం జారిందో చేత్తో వేసి చూపిస్తారు. ఆ మాట తాను పాడినప్పుడు తనకూ తప్పు పోయిందని చెప్పిన సందర్భాలున్నాయి. ఆ పాప తల్లిదండ్రులు ఎదుటే కూర్చుని ఉండేవారు. మా బిడ్డంటే ఈయనకు పడదని వాళ్లెవరూ లేచి పోలేదు.

అదే బాలు 2017లో తన యాభై ఏళ్ల పాటల యాత్ర చేస్తూ అమెరికాలో ఉండగా, తాను స్వరపరిచిన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడవద్దని ఇళయరాజా తరఫున లాయర్ నోటీసు వెళ్లింది. అది స్వరకర్త హక్కుకు సంబంధించిన ప్రశ్న. చట్టం ఏమంటుంది, పాడినవాడి వాటా ఎంత, కచేరీ నిర్వాహకుడి బాధ్యత ఏమిటి అని మాట్లాడుకోవాల్సిన సమయం. అమెరికాలోని మనవాళ్ల నుంచి మన టీకొట్ల దాకా జరిగింది మాత్రం, నువ్వు రాజా మనిషివా, బాలు మనిషివా అన్న పంచాయితీ. ఇళయరాజా హక్కు సమంజసమే అన్నవాడు బాలుకు ద్రోహి. స్నేహితుడికి నోటీసేమిటి అన్నవాడు రాజాకు శత్రువు. పరుషమైన చర్చలు వద్దని బాలు స్వయంగా కోరారు. 2019లో చెన్నై కచేరీలో ఇద్దరూ ఒకే వేదిక మీద నిలబడ్డారు. వాళ్ల కోసం కొట్టుకున్నవాళ్లలో ఎందరు మళ్లీ మాట్లాడుకున్నారో మరి.

శాస్త్రీయ సంగీతం వినేవాళ్లు ఈ జబ్బుకు అతీతులనుకుంటే అదీ నిజం కాదు. మా జిల్లా నుంచే తాళ్లపాక అన్నమయ్య లోకానికి దక్కాడు. ఆ తాళ్లపాక 2022లో వేరే జిల్లాలోకి వెళ్లింది గానీ మా మనసులో ఎప్పుడూ మాదే. ఆయన కీర్తనలను ఇంటింటికీ చేర్చిన గొంతుల్లో ఎం.ఎస్.సుబ్బులక్ష్మిది పెద్ద చోటు. ‘బాలాజీ పంచరత్నమాల’ వినకుండా తెల్లవారని ఇళ్లు ప్రొద్దుటూరులో నాకు తెలుసు. ఆమె మీద గాయకుడు టి.ఎం.కృష్ణ 2015లో ఒక పెద్ద వ్యాసం రాశారు. ఆమె సంగీతాన్ని ఎంతో మెచ్చుకుంటూనే, దేవదాసీ నేపథ్యం నుంచి వచ్చిన ఆమె గొప్పింటి గృహిణి రూపంలోకి ఎలా మారారు, ఆ మార్పు ఆమె పాటను ఏం చేసింది అని అడిగారు. 2024లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ప్రకటించగానే రంజని–గాయత్రి సోదరీమణులు ఆ ఏటి సభల నుంచి తప్పుకున్నారు. వాళ్ల అభ్యంతరాలు ఆ ఒక్క వ్యాసం మీదే కాదు, చాలా ఉన్నాయి. ఎం.ఎస్. పేరిట ఇచ్చే పురస్కారం ఆయనకు ఇవ్వకూడదని ఆమె మనవడు కోర్టుకెళ్లారు. ఆమెను కించపరిచాడన్నది అభియోగం. ఆ ఏడాది డిసెంబరు 16న సుప్రీంకోర్టు, ఆ పురస్కార గ్రహీతగా కృష్ణ తనను తాను చెప్పుకోరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

కుటుంబం బాధను కాదనను. కృష్ణ రాసిన కొన్ని మాటలు మొరటుగా ఉన్నాయని నాకూ అనిపించింది. ఆయన నిర్ణయాలన్నీ ఒప్పుకోను. కానీ ఆ వ్యాసం చదివినవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. అన్ని పేజీల పాటు ఆమె గొంతు వెంట అంత దగ్గరగా నడవాలంటే ఎన్ని ఏళ్లు విని ఉండాలి! ద్వేషించేవాడు అంతసేపు వినడు. వాడికి వినాల్సిన అవసరమే లేదు.

నిజమైన ద్వేషం లేదని చెప్పడం లేదు. ఉంది, బోలెడంత ఉంది. సినిమా విడుదలకు ముందే పాట చెత్త అని ప్రచారం చేసే ముఠాలున్నాయి. గాయని ఒంటిరంగు మీద, సంగీత దర్శకుడి లావు మీద, వాళ్ల పెళ్లిళ్ల మీద రాసే రాతలున్నాయి. విమర్శ అనే ముసుగేసుకుని పాత కక్ష తీర్చుకునే చదువుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల వల్లే అభిమాని ప్రతివాణ్నీ అనుమానంగా చూస్తున్నాడేమో కూడా. తేడా పట్టుకోవడం మాత్రం కష్టం కాదు. విమర్శించేవాడు పాటలో చోటు చూపిస్తాడు. ఫలానా చరణం, ఫలానా అక్షరం, ఫలానా సంగతి అంటాడు. మీరు వెళ్లి విని, కాదు, నువ్వే తప్పు విన్నావు అని ఓడించవచ్చు. ద్వేషించేవాడు చోటు చూపించడు, మనిషిని చూపిస్తాడు. దసరా రాత్రి ఆ కుర్రాడు, ఏ చరణంనా, మళ్లీ చెప్పు అని ఉంటే అక్కడే ఇద్దరం ఫోన్ తీసి వినేవాళ్లం. నేను ఓడిపోయినా సంతోషించేవాణ్ని.

కొన్నేళ్ల కిందట జమ్మలమడుగు పక్క పల్లెలో తెల్లవార్లూ హరిశ్చంద్ర నాటకం చూశాను. కాటి సీనులో నటుడు గొంతు చించుకుని పాడాడు. రెండుసార్లు వన్స్ మోర్ పడింది. తెల్లవారుజామున, ముఖానికి రంగు తుడుచుకుంటున్న అతని దగ్గరికి ముందు వరసలో కూర్చున్న ముసలాయన వెళ్లాడు. ఆ ఊళ్లో చెక్కభజన నేర్పే గురువట. భుజం మీద చెయ్యేసి, “నాయనా, శ్రుతి అర తగ్గించుకో. అంత పైన ఏడుపు రాదు, అరుపొస్తాది,” అన్నాడు. హార్మోనియం పెట్టె మూస్తున్నాయన చేతులు ఆగిపోయాయి. నటుడు చేతిలో నూనెగుడ్డ పట్టుకుని కాసేపు నేలకేసి చూశాడు. తర్వాత తలెత్తి, “పై వారం మైదుకూరులో ఆట ఉంది పెదనాయనా,” అన్నాడు. “అర తగ్గించి పాడతా. నువ్వొచ్చి ముందర కూర్చుంటావా?”