వేలికి క్లిప్పు సరే, రక్తం మాటేమిటి?

కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు చాలా ఇళ్లలో ఇంకా సొరుగులోనే ఉంది. ఇప్పుడు దానికో కొత్త ఉద్యోగం దొరికింది. ఇంట్లో ఆడమనిషి ఆయాసంగా ఉందనో, కళ్లు తిరుగుతున్నాయనో అంటే చాలు, వేలికి క్లిప్పు పెట్టేస్తారు. 98 అని చూపిస్తుంది. "బాగానే ఉందిగా, ఊరికే భయపడకు" అంటారు. ఆవిడ మళ్లీ వంటింట్లోకి!

ఆ 98 అబద్ధం కాదు. కాకపోతే అది జవాబు చెప్పింది వేరే ప్రశ్నకి. క్లిప్పులో ఒక పక్క ఎర్ర కాంతి, కంటికి కనపడని పరారుణ కాంతి వెలుగుతాయి. రెండో పక్కనున్న చిన్న సెన్సరు వేలు దాటి వచ్చిన కాంతిని కొలుస్తుంది. (గోళ్లకి ముదురు రంగు ఉంటే అంకె తేడా రావచ్చు.) ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఆ కాంతుల్ని వేర్వేరుగా పీల్చుకుంటాయి కనుక, హిమోగ్లోబిన్‌లో నూటికి ఎంత భాగం ఆక్సిజన్ మోస్తోందో తేలుతుంది. అసలు హిమోగ్లోబిన్ ఎంత ఉందన్నది మాత్రం దానికి తెలియదు. ఇరవై బస్సులు తిరగాల్సిన ఊళ్లో పదే తిరుగుతూ, ఆ పదీ కిక్కిరిసి పోతుంటే 'సీట్లన్నీ నిండాయి' అని మురిసినట్టు. స్టాపులో మిగిలిపోయిన జనం ఆ లెక్కలోకి రారు.

మన దగ్గర ఇది చిన్న విషయమేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది.

విచిత్రమేమిటంటే, దాన్ని పట్టుకునేదీ కాంతే. వేలు గుచ్చి తీసిన రక్తపు చుక్కలోంచి కాంతిని పంపి హిమోగ్లోబిన్ కొలిచే చేతి మీటర్లున్నాయి. ఆ సర్వే వాళ్లు వాడిందీ అలాంటిదే. నిమిషాల్లో పని. అయితే చెయ్యి తిరగాలి. వేలు గట్టిగా పిండితే రక్తం పలచబడి అంకె తగ్గుతుంది. 2018లో మొదలైన 'అనీమియా ముక్త్ భారత్' గర్భిణులకు ఈ మీటర్లతోనే పరీక్ష చెయ్యమంది.

2021 జూలైలో కేంద్రం ఐదు పరికరాల మీద వ్యాపారుల లాభానికి హద్దు పెట్టింది. ఆక్సీమీటరు, షుగరు మీటరు, బి.పి. మిషను, నెబ్యులైజరు, డిజిటల్ థర్మామీటరు. ఇంటిల్లిపాదికీ పనికొచ్చేవి, సంతోషమే. సగానికి పైగా ఆడవాళ్లకి అవసరమైన హిమోగ్లోబిన్ మీటరు మాత్రం అందులో లేదు. ఎవరికీ గుర్తు రాలేదు కాబోలు!

నీరసం వారాల తరబడి వదలకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూడమని అడగండి. 12 గ్రాముల కన్నా, గర్భిణికైతే 11 కన్నా తగ్గితే రక్తహీనతే. మీటరుంది గానీ పట్టీలు అయిపోయాయి అంటారేమో, ఎప్పుడొస్తాయో కూడా అడిగి రండి.