ప్రతి గ్రంథాలయంలో ఒక పనిపుస్తకాల బీరువా కావాలి



‘గైడు’ అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది పదో తరగతి గైడు, లేకపోతే గ్రూప్–2 గైడు. పరీక్ష గట్టెక్కించేది. పరీక్ష అయిన మర్నాడు దాన్ని పాత కాగితాలవాడికి తూకానికి వేసేస్తాం. ఈ కరపత్రం ఆ గైడు గురించి కాదు. పొలం మోటారు ఎందుకు కాలిపోతుందో, జాకెట్టు ఎలా కత్తిరించాలో, పసిపిల్లకు అర్ధరాత్రి విరేచనాలు పట్టుకుంటే తెల్లారేదాకా ఏం చేయాలో, తహసీల్దారుకు అర్జీ ఎలా రాయాలో చెప్పే పుస్తకాల గురించి. వీటికి తెలుగులో స్థిరపడిన పేరు కూడా లేదు. మేం పనిపుస్తకాలు అంటున్నాం. అంతకన్నా మంచి పేరు మీకు తడితే చెప్పండి, మార్చుకుంటాం.

మా కోరిక చిన్నది. ప్రతి శాఖా గ్రంథాలయంలో, పేపర్లు చదివే బల్ల పక్కనే, తాళం వేయని ఒక బీరువా. దాని నిండా తెలుగు పనిపుస్తకాలు, కొత్త ముద్రణలు.

ఈ కోరిక ఎందుకు పుట్టిందో చెప్తాను. పోయిన ఖరీఫ్‌లో ఎరువుల కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. మా ఊరి కుర్రాడొకడు మిర్చికి పురుగుమందు కొన్నాడు. “ఎంత కలపాలి బాబాయ్?” అని అడిగాడు. “ట్యాంకుకి రెండు మూతలు కొట్టరా, సరిపోద్ది” అన్నాడు కొట్టాయన. డబ్బాతో పాటు ఒక మడత కాగితం ఉంది. అది ఉండి తీరాలి. హిందీ, ఇంగ్లీషుతో పాటు ఆ ప్రాంతంలో వాడే భాషలోనూ ఉండాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. తెలుగు ఉంది కూడా. నువ్వుగింజంత అక్షరాలు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివాను. మోతాదు హెక్టారుకు ఇచ్చారు.

మా ఊళ్లో హెక్టారు అనే మాట అన్న రైతును ఇంతవరకూ చూడలేదు. ఎకరాలు, సెంట్లు; తెలంగాణ వైపు గుంటలు. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఏదో ఒక మందు హెక్టారుకు 500 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీళ్లలో అని రాశారనుకోండి. లీటరుకు ఒక మిల్లీలీటరు పడుతుంది. 16 లీటర్ల ట్యాంకుకు 16 మిల్లీలీటర్లు. ఎకరానికి సుమారు 200 లీటర్లు, అంటే పన్నెండున్నర ట్యాంకులు. నాలుగు ముక్కల్లో తేలిపోయే లెక్క. ఆ నాలుగు ముక్కలు కాగితం మీద లేవు కాబట్టే కొట్టాయన మూత శాస్త్రమైపోయింది. మూతలు మాత్రం ఒక్కో డబ్బాకు ఒక్కో సైజు.

డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది చూడండి. కింద సగం ఎర్రగా ఉంటే అత్యంత విషం. ఆ తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ చూసి “ఇది ఆకుల మందే, ఏం కాదు” అన్న మనిషిని నేనెరుగుదును. ఆకుపచ్చ అంటే విషం తక్కువ అని. విషం లేదని కాదు. ఈ సంగతి బడిలో చెప్పలేదు, కొట్టులో చెప్పలేదు, డబ్బా మీద చదివే వీలు లేదు.

ఆ మడత కాగితం రాసింది చదువుకున్నవాళ్లే. రైతు చదువుతాడని మాత్రం వాళ్లు అనుకోలేదు. రేపు కేసు వస్తే “మేం రాశాం కదా” అనడానికి రాసింది వేరు, చేసేవాడి చేతికి అందాలని రాసింది వేరు. మన పనిపుస్తకాల కష్టమంతా ఈ తేడాలోనే ఉంది.

చేతికి అందేలా రాస్తే ఎలా ఉంటుందో చూడాలంటే ‘వైద్యుడు లేనిచోట’ తెరవండి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులో తెచ్చిన పుస్తకం. మూలం డేవిడ్ వెర్నర్‌ది. పడమటి మెక్సికో కొండల్లో, రోడ్డు లేని పల్లెల్లో, అక్కడి ఆరోగ్య కార్యకర్తలతో కలిసి పనిచేస్తూ ఆయన దాన్ని స్పానిష్‌లో రాశాడు. 1970ల్లో వచ్చిన ఆ పుస్తకం పదుల కొద్దీ భాషల్లోకి వెళ్లింది. ఎందుకు వెళ్లిందంటే, అందులో ప్రతి పేజీ ఒక మనిషి ముందు కూర్చుని మాట్లాడినట్టు ఉంటుంది. బొమ్మ చూస్తే సగం తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడ ఆగాలో చెబుతుంది. ఇక్కడిదాకా నువ్వు చేయొచ్చు, ఈ లక్షణం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపో అంటుంది. విరేచనాలైన పిల్లకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో అంచుకు సమంగా కొలిచిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలన్న సంగతి తెలిసిన తల్లి, తెల్లారి మొదటి బస్సు వచ్చేదాకా పిల్లను నిలబెట్టుకోగలదు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. అందుకే ‘తగినంత’ అన్న మాట అక్కడ పనికిరాదు.

‘తగినంత’ మాట వచ్చింది కాబట్టి వంట పుస్తకాల సంగతీ చూద్దాం. మాలతీ చందూర్ గారి ‘వంటలు–పిండివంటలు’ ఎన్ని ముద్రణలు పడిందో మీ ఇంట్లో పెద్దవాళ్లనడగండి. కొత్తగా కాపురానికి వెళ్లిన అమ్మాయి పక్కన అత్తా అమ్మా ఇద్దరూ లేని రోజులు మొదలయ్యాక వచ్చిన పుస్తకం అది. ఉద్యోగాల మీద బొంబాయి, ఢిల్లీ వెళ్లినవాళ్ల పెట్టెల్లో, తర్వాత అమెరికా వెళ్లినవాళ్ల సూట్‌కేసుల్లో చీరల మధ్య పెట్టుకుని తీసుకుపోయారు. దాన్ని సాహిత్యం అని ఎవరూ అనలేదు. పేజీల మీద పసుపు మరకలు పడ్డ పుస్తకాలు తెలుగులో ఎన్నున్నాయి?

మంచి పనిపుస్తకానికి ఇంకో గుర్తుంది. పని చెడిపోయిందో లేదో తెలుసుకునే దారి చూపిస్తుంది. తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం సంగతే చూడండి. నిమ్మ, బత్తాయి, తమలపాకు తోటలవాళ్లకు తెలిసిందే. కిలో మైలుతుత్తం 50 లీటర్లలో, కిలో సున్నం ఇంకో 50 లీటర్లలో విడివిడిగా కలిపి, ప్లాస్టిక్ డ్రమ్ములోనో మట్టి తొట్టిలోనో ఒకటి చేయాలి. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. పని తెలిసినవాడు ఆ తర్వాతది రాస్తాడు. ఇనుప కత్తి అందులో కాసేపు ముంచి తీయండి, కత్తికి రాగిరంగు పూత పట్టిందా, ఇంకాస్త సున్నం పోయండి, లేకపోతే ఆకు మాడుతుంది. కలిపినరోజే కొట్టేయండి. ఆ కత్తి ముక్క లేని పుస్తకం నా లెక్కలో సగం పుస్తకమే.

ఇప్పుడు మన బస్టాండు పుస్తకాల కొట్టుకు పోదాం. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు, వాస్తు, కలల ఫలితాలు, బల్లిపాటు, ఇంటివైద్యం, పోటీ పరీక్షలు. కంప్యూటర్ పుస్తకమంటే పేజ్‌మేకర్ దగ్గరే ఆగింది. సెల్‌ఫోన్ రిపేరు పుస్తకంలో బొమ్మలన్నీ బటన్ల ఫోన్లవి. కొన్నిటి మీద ముద్రణ సంవత్సరమే ఉండదు. మోటారు వైండింగు పుస్తకమని ఒకటి కొన్నాను. ఇంగ్లీషు పుస్తకాన్ని మాటకు మాట దించారు. నాకు అర్థం కాలేదు సరే, వైండింగు షాపు మేస్త్రీకి చూపిస్తే “ఇది మా పని గురించేనా?” అని నవ్వాడు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు మిగతా రెండిటి మీద లాగి, వేడెక్కి, చుట్టలు కాలిపోతాయని ఆయన నాకు రెండు నిమిషాల్లో చెప్పాడు. ఆ రెండు నిమిషాలు పుస్తకంలోకి ఎక్కాలంటే ఆ మేస్త్రీ పక్కన కూర్చుని రాసుకునేవాడు కావాలి.

పుస్తకం చూసి పని చేసుకునే అలవాటు మనకు లేక కాదు. తెలుగింట ఏటా తప్పకుండా కొనే పుస్తకం పంచాంగం. ఏ రోజు ఏం చేయాలో చెప్పేది. ఆ పేరులోని బలం తెలిసే వ్యవసాయ విశ్వవిద్యాలయం తన పుస్తకానికి ‘వ్యవసాయ పంచాంగం’ అని పేరు పెట్టింది. ఏటా తెస్తుంది. ఏ పంటకు ఏ రకం, ఎప్పుడు విత్తాలి, ఏ తెగులుకు ఏ మందు, అన్నీ ఉంటాయి. మా శాఖా గ్రంథాలయంలో వెతికాను. లేదు. పోటీ పరీక్షల పుస్తకాలు మూడు బీరువాలున్నాయి. పిల్లలు ఉద్యోగాల కోసం చదువుకుంటున్నారు, దాన్ని తప్పనను. కానీ గ్రంథాలయం నడిచేది పరీక్షలు రాసేవాళ్ల డబ్బుతో మాత్రమే కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనందరి దగ్గరా వసూలవుతోంది. పంచాయతీలు, మునిసిపాలిటీలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయడంలో ఏం చేస్తున్నాయన్నది ఇంకో కరపత్రం. ఇంటిపన్ను కట్టే టైలరమ్మకు ఆ బీరువాల్లో ఏముందన్నది మా ప్రశ్న.

ఈ గడ్డ మీద గ్రంథాలయం పరీక్షల కోసం పుట్టలేదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు విజ్ఞానచంద్రికా మండలి పెట్టి చరిత్రతో పాటు శాస్త్ర గ్రంథాలూ తెలుగులో వేయించారు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయాలన్నిటినీ ఒక సంఘంగా కూర్చారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పాఠకుడి దగ్గరికి పుస్తకం పోవాలన్నది వాళ్ల పట్టుదల. మనం పాఠకుడి పని దగ్గరికి పుస్తకం తీసుకుపొమ్మంటున్నాం, అంతే.

“యూట్యూబు ఉందిగా, పుస్తకమెందుకు?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అరిసెల పాకం ఎప్పుడు ఉండపాకమైందో పుస్తకం నాలుగు పేజీలు రాసినా తెలియదు, వీడియోలో కంటికి కనిపిస్తుంది. ఒప్పుకుంటాం. కానీ బావి దగ్గర గ్రీజు చేతులతో, సిగ్నలు లేనిచోట, మూడు నిమిషాల “సబ్‌స్క్రైబ్ చేయండి” దాటుకుని, కావలసిన కొలత ఎక్కడుందో ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ వెతికినవాడికి పుస్తకం విలువ తెలుస్తుంది. పైగా వీడియోలో ఫలానా ఆకు నమిలితే షుగరు పోతుందన్నవాడు రేపు ఆ వీడియో తీసేస్తే వాణ్ని ఎక్కడ పట్టుకుంటాం? పుస్తకం మీద రాసినవాడి పేరు, వేసినవాడి చిరునామా, సంవత్సరం ఉంటాయి. ఉండాలి.

“పుస్తకం చదివి ఈత నేర్చుకుంటారా?” అనేవాళ్లూ ఉన్నారు. గురువు దొరికినవాడికి పుస్తకం అక్కర్లేదు, నిజమే. మన దగ్గర గురువు అందరికీ దొరకడు. పని తండ్రి నుంచి కొడుక్కి, మేనమామ నుంచి మేనల్లుడికి పోతుంది. వైండింగు షాపులో కూర్చుని నేర్చుకుంటానంటే ఏ ఆడపిల్లను రానిస్తారు? పుస్తకం ఎవరి బిడ్డవని అడగదు.

అర్జీల మాట ఒక్కటి. తహసీల్ ఆఫీసు ముందు చెట్టు కింద డబ్బు తీసుకుని అర్జీలు రాసిపెట్టేవాళ్లను చూస్తూనే ఉన్నాం. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద ఎవరైనా దరఖాస్తు రాసుకోవచ్చు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. వినియోగదారుల జిల్లా కమిషన్‌లో వకీలు లేకుండానే ఫిర్యాదు వేసుకోవచ్చు. నాలుగు నమూనా అర్జీలున్న చిన్న పుస్తకం గ్రంథాలయంలో ఉంటే ఆ చెట్టు కింద జనం పలచబడతారు.

కాబట్టి జిల్లా గ్రంథాలయ సంస్థలను అడుగుతున్నాం. పుస్తకాల కొనుగోలులో పనిపుస్తకాలకు విడిగా ఒక వాటా పెట్టండి. ముద్రణ సంవత్సరం లేని పుస్తకం, ఐదేళ్లు దాటినా సవరించని మందుల పుస్తకం, రిపేరు పుస్తకం కొనకండి. కొనేముందు ఆ పని చేసేవాళ్లు ఇద్దరికి ఇచ్చి చదివించండి. వంట పుస్తకమైతే వండించండి, సభ్యులకు మంచి భోజనమూ దొరుకుతుంది. ప్రచురణకర్తలను అడుగుతున్నాం. అనువాదకుడి కన్నా ముందు మేస్త్రీని, దర్జీని, ఏఎన్‌ఎంను కలవండి, వాళ్ల పేరు కూడా అట్ట మీద వేయండి. పురుగుమందుల కంపెనీలకు చెప్పేది ఒకటే. మోతాదు ఎకరానికీ, 16 లీటర్ల ట్యాంకుకూ లెక్కగట్టి, ముసలి కళ్లకు కనిపించే అక్షరాల్లో వేయండి.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. దండలు, ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీలు ఎటూ ఉంటాయి. ఆ వారంలో ఒకరోజు మీ ఊరి శాఖా గ్రంథాలయానికి రండి. ఈ కాగితం వెనకవైపు కావాలనే ఖాళీగా వదిలాం. మీ పనికి ఏ పుస్తకం కావాలో, అందులో ఏం చెప్పాలో అక్కడ రాసి గ్రంథపాలకుడి చేతికివ్వండి. రాయడం రాకపోతే పక్కవాళ్ల చేత రాయించి, కింద వేలిముద్ర వేయండి.