స్కాలర్‌షిప్ వచ్చేలోపు వడ్డీ ఎవరు కట్టాలి?

చాట్రాయి మండలంలో కూలి కుటుంబాల చేతిలో నాలుగు డబ్బులు ఆడేది మామిడి కోతల కాలంలోనే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మగవాళ్లు చిక్కాలతో కాయ దించుతారు, ఆడవాళ్లు ఏరి, గ్రేడు చేసి, మోస్తారు. తోట మనది కాదు, కూలి మాత్రమే మనది. వానలు పడేసరికి ఆ డబ్బు పాత అప్పుకి పోతుంది. సరిగ్గా అప్పుడే కాలేజీలు తెరుస్తారు.

నూజివీడులోనో విజయవాడలోనో సీటు తెచ్చుకున్న మన పిల్లలకి ‘ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిగా’ అని అందరూ ధైర్యం చెబుతారు. ఉంది, నిజమే. అది ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. పరీక్షల ముందు బకాయి కడితేనే హాల్‌టికెట్ అంటారు. కోర్సయ్యాక సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటారు. తల్లి నూటికి మూడు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చి కట్టిందనుకుందాం. తొమ్మిది నెలలకి వడ్డీ 10,800. రోజూ ఇంటి నుంచి వెళ్లి ఇంజనీరింగ్ చదివే ఎస్సీ విద్యార్థికి కేంద్ర నిబంధనల ప్రకారం ఏడాదికొచ్చే అలవెన్సు 7,000, మామూలు డిగ్రీకైతే 3,000. ఒక చేత్తో ఇచ్చింది వడ్డీవ్యాపారి ఇంటికి పోయినట్టే. ఈ వడ్డీ ఏ బడ్జెట్ పద్దులోనూ కనపడదు. అందుకే మా లెక్కలో ఆలస్యం కూడా కోతే.

అంబేద్కర్‌కి ఈ బాధ కొత్త కాదు. బరోడా స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చారు. ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉన్న కాలంలోనే, 1944లో, ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఇది ఎవరి దయా కాదు.

తర్వాత కేంద్రం భారంలో చాలా భాగం రాష్ట్రాల మీదికి నెట్టింది. దేశమంతా గొడవ జరిగాక 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం లెక్క మార్చింది: మొత్తం 59,048 కోట్లు, అందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. వినడానికి బాగానే ఉంది. కానీ రాష్ట్రం తన 40 శాతం విడుదల చేశాకే కేంద్రం 60 శాతం విద్యార్థి ఖాతాలో వేస్తుంది. అమరావతిలో బిల్లు ఆగితే ఢిల్లీ డబ్బూ ఆగుతుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకోవడానికి ఇంతకన్నా వీలైన ఏర్పాటు ఉండదు.

రాష్ట్రంలో 2008 నుంచి పథకం పేరు మారుతూనే ఉంది, ఖాతా కూడా మారుతూనే ఉంది. కాలేజీ ఖాతా పోయి తల్లి ఖాతా వచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతా అన్నారు. తేదీకి మాత్రం ఏ ప్రభుత్వమూ కట్టుబడి ఉండలేదు. 2020 చివర్లో వచ్చిన జీవో 77 అయితే ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకి రీయింబర్స్‌మెంటే లేదంది.

ఇంకో సంగతి. ఈ స్కాలర్‌షిప్‌కి కుటుంబ ఆదాయ పరిమితి 2013లో 2.5 లక్షలు చేశారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి దాన్ని కదపలేదు. అగ్రవర్ణ పేదల రిజర్వేషన్‌కి 2019లో పెట్టిన పరిమితి 8 లక్షలు. పేదరికానికి కులాన్ని బట్టి కొలబద్ద మారుతోందని మేము అనడం లేదు, ఆ అంకెలే అంటున్నాయి.

మన సంఘాలు ధర్నాలతో పాటు కాగితం పని కూడా పట్టించుకోవాలి. సచివాలయంలో కులం, ఆదాయం సర్టిఫికెట్లు సీటు రాకముందే తీసుకోవాలి. విద్యార్థి బ్యాంకు ఖాతాకి ఆధార్ అనుసంధానం అయిందో లేదో చూసుకోవాలి, లేకుంటే కేంద్రం వాటా ఖాతాలో పడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో కూడా స్పష్టంగా చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసుకుని ఒక్కరే కాకుండా పదిమంది కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాలి.

ప్రభుత్వాన్ని మేము అడిగేది రెండే. నిధులు విడుదలయ్యేదాకా ఏ ఎస్సీ విద్యార్థి హాల్‌టికెట్టూ ఆపకూడదు. రాష్ట్రం తన 40 శాతం ఏ తేదీన ఇస్తుందో విద్యా సంవత్సరం మొదట్లోనే ప్రకటించాలి. ఈలోగా మన కాలేజీ బిల్లు ఏ తేదీన వెళ్లింది, ఎక్కడ ఆగింది అని జిల్లా సాంఘిక సంక్షేమ శాఖకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కార్డు జతచేస్తే అదీ కట్టక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.