ఫైటర్ చేపకి చెంబెడు నీళ్లు చాలవు

ఈ మధ్య మన ఊళ్లలో కూడా పిల్లలు ఫైటర్ చేప కావాలని మారాం చేస్తున్నారు. దాన్నే బెట్టా అంటారు. టౌన్లో గుప్పెడంత సీసాలో పెట్టి, "దీనికి గాలి మోటారు అక్కర్లేదు, చెంబెడు నీళ్లు చాలు" అని అంటగడుతున్నారు. మొదటి మాట నిజమే. రెండో మాట నమ్మొద్దని చెప్పడానికే ఈ పోస్టు.

తెల్లవారుజామున చెరువులో శీలావతి, బొచ్చె పైకొచ్చి నోళ్లు తెరిస్తే మన గుండె జారిపోద్ది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయిందని ఏరియేటర్ దగ్గరికి పరిగెడతాం. ఫైటర్ చేప సంగతి వేరు. దీనికి మొప్పల పైన, తలలో మడతలు మడతలుగా ఇంకో అవయవం ఉంటుంది. రక్తనాళాలు నిండిన ఆ మడతలు బయటి గాలి నుంచి ఆక్సిజన్ పీల్చుకుంటాయి. అందుకే అప్పుడప్పుడూ పైకొచ్చి గుక్కెడు గాలి తీసుకుని పోతుంది. అది జబ్బు కాదు. పైకి రానివ్వకపోతేనే నీళ్లలో ఊపిరాడక చస్తుంది. మన కొర్రమీనుకీ ఇలాంటి ఏర్పాటే ఉంది. సంతలో బేసిన్‌లో కాసిని నీళ్లలో అంతసేపు బతికుండేది ఆ బలంతోనే.

మరి సీసాలో తప్పేంటి అంటారా? గాలి పైనుంచి వస్తుంది సరే, దాని మలం, మిగిలిన మేత ఎక్కడికి పోతాయి? ఆ నీళ్లలోనే కుళ్లి అమ్మోనియా అవుతుంది. చెరువులు చేసినవాళ్లకి అమ్మోనియా గురించి వేరే చెప్పాలా! అది మొప్పల్ని దెబ్బతీస్తుంది. నీళ్లు తక్కువైతే విషం తొందరగా పెరుగుద్ది. చేప అదేపనిగా పైనే ఉండి ఆయాసపడుతున్నా, రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉన్నా ముందు నీళ్లనే అనుమానించండి.

దీని సొంతూరు థాయ్‌లాండ్ వైపు వరి మడులు, కాలువలు. 2019లో ఆ దేశం దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. మడిలో నీళ్ల లోతు తక్కువేగానీ, తిరగడానికి చోటు తక్కువా?

పెంచాలనుకుంటే 15, 20 లీటర్ల తొట్టి పెట్టండి. నీళ్లకీ మూతకీ మధ్య రెండు మూడు వేళ్ల ఖాళీ ఉంచండి. మూత తప్పనిసరి, ఇది ఎగిరి బయట పడుతుంది. నీళ్ల వేడి 24 నుంచి 28 డిగ్రీలు ఉండాలి, చలికాలం రాత్రుళ్లు హీటర్ కావాలి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లయితే ఒక రోజు బకెట్లో ఉంచి పోయండి. మేత కొంచెమే వేయండి.

రెండు మగవాటిని కలిపితే కొట్టుకుని చస్తాయి. అద్దం చూపించి రెచ్చగొట్టడం పిల్లలకి సరదాగానీ చేపకి అలసట. మగది నీళ్ల మీద బుడగల గూడు కట్టి, గుడ్లని నోటితో తెచ్చి అందులో పెట్టి కాపలా కాస్తుంది. పిల్లలకి చూపించాల్సింది అదీ. విసుగొస్తే మాత్రం చెరువులోనో కాలవలోనో వదలకండి. బయటి చేప మన నీళ్లలోకి వద్దు.

చేప ధర కంటే తొట్టి ధర ఎక్కువ కదా అంటారు. కోడిపిల్ల ధర చూసి గంప కొంటామా? వట్టి గడ్డి వేసినా గేదె బతుకుద్ది, అలాగని దాన్ని మేపడం అనం. కొట్టం సిద్ధం చేశాకే పశువుని తెచ్చే వాళ్లం మనం. చేపకైనా అదే లెక్క: ముందు తొట్టి, తర్వాతే చేప.